నెల్లూరు తీరం నుంచి తాంబరం దాకా: మెదడు పొరల క్షయ చరిత్ర

క్షయ అనగానే మనవారికి దగ్గు, కఫం, సాయంకాలపు జ్వరం గుర్తుకు వస్తాయి. ఆ సూక్ష్మజీవి ఊపిరితిత్తులను దాటి ఎముకలలోకి, పేగులలోకి, మెడ గ్రంథులలోకి వెళ్లగలదని కొందరికి తెలుసు. మెదడును కప్పి ఉండే పొరలలోకి సైతం అది చేరగలదని, చేరితే కొద్ది వారాలలోనే ప్రాణం తీయగలదని తెలిసినవారు తక్కువ. వైద్యులు దీనిని ట్యూబర్క్యులస్ మెనింజైటిస్ అంటారు. ఈ వ్యాసంలో ‘మెదడు పొరల క్షయ’ అని వ్యవహరిస్తాను. పత్రికలలో తరచూ కనిపించే ‘మెదడువాపు’ అన్న మాటను ఇక్కడ వాడకపోవడానికి కారణం ఉంది. ఆ మాట దోమకాటు ద్వారా వచ్చే జపనీస్ ఎన్‌కెఫలైటిస్ వంటి వైరస్ వ్యాధులకు స్థిరపడిపోయింది. ఆ వ్యాధి వేరు, ఇది వేరు.

మెదడు పొరల క్షయకు మందు దొరికి ఏడు దశాబ్దాలు దాటింది. అయినప్పటికీ నేటికీ దీనితో మరణిస్తున్నవారు ఉన్నారు. వారిలో అధికులు మందు లేక మరణించినవారు కారని, మందు దగ్గరికి ఆలస్యంగా చేరినవారని నా అభిప్రాయం. రోగనిరోధక శక్తి సన్నగిల్లినవారి విషయంలో ఈ ఆలస్యం మరింత ప్రాణాంతకం. మన నెల్లూరు తీరంలో ఆ ఆలస్యానికి ప్రత్యేకమైన చరిత్ర ఒకటి ఉంది. అక్కడికి రావడానికి ముందు కొంత వెనుకకు వెళ్లాలి.

ఎడింబరో నగరానికి చెందిన రాబర్ట్ విట్ అనే వైద్యుడు ఈ వ్యాధిని తొలిసారిగా స్పష్టంగా వర్ణించారు. ఆయన మరణానంతరం 1768లో వెలువడిన చిన్న గ్రంథంలో ఆ వర్ణన ఉంది. ఆయన చూసిన రోగులు చాలా వరకు పిల్లలే. శవపరీక్షలో మెదడు గదులలో నీరు నిండి కనిపించినందున దీనిని ‘మెదడులో నీరు’ అని భావించారు. నాడి గతిని బట్టి వ్యాధిని మూడు దశలుగా విభజించారు. మొదట వేగంగా, తరువాత మందంగా, చివరకు మళ్లీ వేగంగా నాడి కొట్టుకుంటుందని, మూడవ దశ వచ్చిన తరువాత ఆశ లేదని ఆయన పరిశీలన. ఇటువంటి రోగిని ఒక్కరినైనా తాను నయం చేయలేకపోయానని ఆయన దాచకుండా రాశారు. ఆనాటి వైద్య గ్రంథాలలో ఇంతటి నిజాయితీ అరుదు. ఆ తరువాత దాదాపు నూట ఎనభై సంవత్సరాల పాటు ఏ దేశపు వైద్యుడూ అంతకంటె ఎక్కువ చెప్పుకోగల స్థితిలో లేడు.

ఈ మధ్యకాలంలో తెలిసినది మాత్రం చాలా ఉంది. 1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ క్షయ సూక్ష్మజీవిని లోకానికి చూపించారు. 1891లో జర్మనీకే చెందిన హైన్రిచ్ క్విన్కె నడుము వద్ద వెన్నుపూసల మధ్య సూది దించి, మెదడు చుట్టూ తిరిగే నీటిని వెలికి తీసే పద్ధతిని ప్రకటించారు. బతికి ఉన్న మనిషిలో ఈ వ్యాధిని నిర్ధారించే మార్గం దానితో ఏర్పడింది. చీము పుట్టించే సూక్ష్మజీవుల వల్ల వచ్చే మెనింజైటిస్‌లో ఆ నీరు బియ్యం కడిగిన నీళ్లవలె మసకగా ఉంటుంది. క్షయలో చాలాసార్లు తేటగానే కనిపిస్తుంది. పరీక్షనాళికలో కదపకుండా నిలిపి ఉంచితే, కొన్ని గంటల తరువాత దానిలో సాలెగూటివంటి సన్నని తెర ఏర్పడుతుంది. ప్రయోగశాల వసతులు లేని కాలంలో వైద్యులు ఆ తెర కోసమే నాళికను రాత్రంతా నిలిపి ఉంచేవారు.

నా దృష్టిలో వీటన్నిటికంటె ముఖ్యమైన పరిశోధన 1933లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్నాల్డ్ రిచ్, హోవర్డ్ మెకార్డక్ చేసినది. క్షయ సూక్ష్మజీవులు రక్తంలో కొట్టుకువచ్చి నేరుగా మెదడు పొరలను ముట్టడిస్తాయని అంతవరకు భావించేవారు. అలా కాదని వీరిరువురు శవపరీక్షల ద్వారా చూపించారు. సూక్ష్మజీవి మొదట మెదడు ఉపరితలం మీదనో, పొరలలోనో ఒక చిన్న బొడిపెగా స్థిరపడుతుంది. శరీరంలోని రక్షక కణాలు దాని చుట్టూ గోడ కట్టి బంధిస్తాయి. నెలలు, సంవత్సరాలు అది నివురుగప్పిన నిప్పువలె ఉండిపోగలదు. ఎప్పుడైతే ఆ గోడ బలహీనపడుతుందో అప్పుడు బొడిపె పగిలి సూక్ష్మజీవులు మెదడు నీటిలోకి చేరుతాయి. పసిపిల్లలలో ఆ గోడ ఇంకా బలంగా కట్టబడదు. పెద్దలలో దానిని కూల్చేవి వేరే ఉన్నాయి. 1933లో ఎయిడ్స్ అన్న మాట లేదు, అవయవ మార్పిడి లేదు, స్టెరాయిడ్ మాత్రలు లేవు. అయినా రాబోయే కాలంలో వీటన్నిటివల్ల జరగబోయేదానికి వివరణ ఆ శవపరీక్షల గదిలోనే దొరికింది.

అప్పటి నెల్లూరు జిల్లా మద్రాసు రాజధానిలో భాగం. క్షయ రోగులకు దక్షిణాదిన రెండు పెద్ద ఆశ్రయాలుండేవి. ఒకటి మదనపల్లె సమీపాన ఆరోగ్యవరంలో 1915లో ప్రారంభమైన శానటోరియం. డెన్మార్క్ దేశస్థుడైన క్రిస్టియన్ ఫ్రిమొట్ మొల్లర్ దానికి సారథి. రెండవది ఇంగ్లండులో శానటోరియం నడిపిన అనుభవంతో తిరిగివచ్చిన డాక్టర్ చౌరి ముత్తు 1928లో మద్రాసు వెలుపల తాంబరంలో స్థాపించినది. 1937లో దానిని ప్రభుత్వం స్వీకరించింది. మంచి గాలి, విశ్రాంతి, పాలు, గుడ్లు, ఊపిరితిత్తిని కొంతకాలం ముడిపించి ఉంచే చికిత్స, ఇవే అప్పటి సాధనాలు. ఊపిరితిత్తుల రోగులు కొందరు వాటితో కోలుకునేవారు. మెదడు పొరలకు వ్యాధి సోకినవారికి శానటోరియం చేయగలిగింది ఏమీ లేదు.

1943 చివరలో అమెరికాలో ఆల్బర్ట్ షాట్జ్, సెల్మన్ వాక్స్‌మన్ ప్రయోగశాలలో స్ట్రెప్టోమైసిన్‌ను కనుగొన్నారు. బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి దానిని మెదడు పొరల క్షయ రోగులపై ప్రయోగించి 1948లో ఫలితాలు ప్రకటించింది. మందును కండరంలోనే కాక వెన్నులోకి సైతం ఎక్కించేవారు. పసిపిల్లలకు వారాల తరబడి ఆ సూదులు. మొదటిసారిగా కొందరు బతికారు. బతికినవారిలో కొందరికి వినికిడి పోయింది. ఆ నివేదిక మనకు మిగిల్చిన మరొక వస్తువు మూడు దశల విభజన. స్పృహ చక్కగా ఉండి నరాల లోపం లేనివారు మొదటి దశ. తికమకగా మాట్లాడేవారు, చూపో చేయో కాలో దెబ్బతిన్నవారు రెండవ దశ. స్పృహ కోల్పోయినవారు మూడవ దశ. ఈ విభజనను స్వల్ప మార్పులతో నేటికీ వాడుతున్నాము. చికిత్స ఏ దశలో మొదలైందన్న ఒక్క అంశమే రోగి భవితవ్యాన్ని అన్నిటికంటె ఎక్కువగా నిర్ణయిస్తుందని అప్పటినుంచి జరిగిన ప్రతి అధ్యయనమూ చెబుతూనే ఉంది.

1952లో ఐసోనియాజిడ్ వచ్చింది. దీని కథ విచిత్రమైనది. 1912లోనే ప్రాగ్ నగరంలో ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు తమ పరిశోధనలో భాగంగా ఈ పదార్థాన్ని తయారు చేసి, ఉపయోగం తెలియక వదిలివేశారు. నలభై సంవత్సరాలు అది పుస్తకాలలో పడి ఉంది. ఆ నలభై సంవత్సరాలలో లోకంలో ఎంతమంది బిడ్డలు మెదడు పొరల క్షయతో పోయారో లెక్క కట్టడం ఎవరి తరమూ కాదు. ఈ మందు చవక, నోటి ద్వారా తీసుకోవచ్చు, అన్నిటినీ మించి రక్తం నుంచి మెదడు నీటిలోకి సులభంగా చేరుతుంది. వెన్నులో సూదులు గుచ్చవలసిన అవసరం క్రమంగా తప్పింది. తరువాత వచ్చిన పైరజినమైడ్‌కు సైతం ఆ గుణం ఉంది. రిఫాంపిసిన్ మాత్రం అంతగా చేరదు. అందుకే దాని మోతాదు పెంచవచ్చునా అన్న పరిశోధన ఇటీవలి కాలంలో సాగింది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి నెల్లూరు మద్రాసు నుంచి పాలనాపరంగా విడిపోయింది. రోగులు మాత్రం విడిపోలేదు. జబ్బు ముదిరితే ‘పట్నం’ పోవడం మనవాళ్లకు తరతరాల అలవాటు. 1956లో అదే మద్రాసులో క్షయ రసాయన చికిత్సా కేంద్రం మొదలైంది. శానటోరియంలో ఉంచి మందులు ఇచ్చినా, ఇరుకైన ఇంటిలోనే ఉంచి ఇచ్చినా ఫలితం ఇంచుమించు ఒకటేనని ఆ కేంద్రం 1959లో నిరూపించింది. బీద దేశాలన్నిటిలోనూ క్షయ చికిత్స స్వరూపమే దానితో మారింది. ఆ కేంద్రమే తరువాత మెదడు పొరల క్షయ సోకిన పిల్లలపై చికిత్సా పరిశోధనలు జరిపి 1986లో ప్రకటించింది. 180 మంది పిల్లలలో సుమారు నాలుగో వంతు మరణించారు. పూర్తిగా కోలుకున్నవారు మూడో వంతు మాత్రమే. మిగిలినవారు ఏదో ఒక లోపంతో బతికారు. నాణ్యమైన మందులు, నిపుణులైన వైద్యులు ఉన్న చోట వచ్చిన ఫలితమిది. మరణించినవారిలో ఎక్కువమంది చివరి దశలో ఆసుపత్రికి చేరినవారే.

టీకా గురించి కూడా ఒక మాట చెప్పాలి. మన దేశంలో బి.సి.జి. ప్రయత్నం 1948లో మొదలైన చోటు మదనపల్లె. పెద్దలలో ఊపిరితిత్తుల క్షయను అది నివారించలేదని 1968లో మొదలైన చెంగల్పట్టు మహా పరీక్ష తేల్చింది. దానితో టీకాపైనే చాలామందికి నమ్మకం పోయింది. పసిపిల్లలకు మెదడు పొరల క్షయ రాకుండా అది చాలావరకు కాపాడుతుందన్నది వేరే ఆధారాలతో స్థిరపడిన విషయం. మన పిల్లల చేతి మీద ఆ చిన్న మచ్చ ఉండడానికి కారణం అదే.

ఇక 1980ల తరువాతి కథ. 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సాలమన్, ఆమె విద్యార్థిని డాక్టర్ నిర్మల కలిసి మన దేశంలో హెచ్.ఐ.వి. ఉనికిని బయటపెట్టారు. దశాబ్దం తిరిగేలోపు ఆ వైరస్ నెల్లూరు తీరానికి వచ్చింది. కలకత్తా–మద్రాసు జాతీయ రహదారి జిల్లాను నిలువునా చీల్చుకొని పోతుంది. రొయ్యల చెరువులు, చేపల లారీలు, వలస కూలీలు అదే కాలంలో పెరిగాయి. లారీ డ్రైవర్లే దీనికి కారకులని అప్పట్లో అందరూ అనేవారు. ఆ మాట నాకు ఎప్పుడూ సంపూర్ణ సత్యమని తోచలేదు. మా వార్డులకు వచ్చిన స్త్రీలలో అనేకులు భర్త తప్ప పరపురుషుని ఎరుగని గృహిణులు. 2000 తరువాతి కొన్ని సంవత్సరాలలో దేశం మొత్తంమీద హెచ్.ఐ.వి. సోకినవారి సంఖ్య అత్యధికంగా ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లోనే.

హెచ్.ఐ.వి. నాశనం చేసేది సరిగ్గా ఆ గోడను కట్టే కణాలనే. వాటిని సీడీ–4 కణాలంటారు. రిచ్, మెకార్డక్ వర్ణించిన బొడిపె అప్పుడు పగులుతుంది. 1992లో మాడ్రిడ్ వైద్యులు 2,205 మంది క్షయ రోగులను పరిశీలించి ప్రకటించిన లెక్క దీనిని స్పష్టం చేస్తుంది. హెచ్.ఐ.వి. ఉన్న క్షయ రోగులలో నూటికి పదిమందికి మెదడు పొరల వ్యాధి ఉండగా, లేనివారిలో నూటికి ఇద్దరికి మాత్రమే ఉంది.

అటువంటి రోగులలో వ్యాధి చాలాసార్లు నిశ్శబ్దంగా వస్తుంది. మెడ బిగుసుకుపోవడం లేకపోవచ్చు. జ్వరం స్వల్పం. రెండు మూడు వారాలుగా విడవని తలనొప్పి, అకారణమైన వాంతులు, వస్తువులు రెండుగా కనిపించడం, ఎప్పుడూ సౌమ్యంగా ఉండే మనిషి చికాకు పడటం, చెప్పినదే చెప్పడం, ఇవే గుర్తులు. మన పల్లెలలో ఇటువంటి మనిషికి ‘గాలి సోకింది’ అంటారు. తాయెత్తు, అంత్రం, ఆ తరువాత ఒక గ్లూకోజు బాటిలు. ఈ క్రమంలో మొదటి దశ దాటి రెండవ దశ వచ్చేస్తుంది. రోగనిరోధక శక్తి లేనివారి వెన్నునీటిలో ఒక్కొక్కసారి కణాలు అతి తక్కువగా ఉండి, వైద్యుణ్ణి సైతం మోసగిస్తాయి. అదే రోగులలో క్రిప్టోకాకస్ అనే బూజుజాతి సూక్ష్మజీవి కూడా ఇదే రూపంలో మెదడు పొరలకు సోకుతుంది. అది బాక్టీరియా కాదు, దాని మందులు వేరు. దానిని గుర్తించడానికి ప్రపంచమంతటా వాడిన నల్లసిరా పేరు ‘ఇండియా ఇంకు’ కావడం ఒక చిత్రం.

తాంబరం శానటోరియం 1993 నుంచి హెచ్.ఐ.వి. రోగులను చేర్చుకోవడం మొదలుపెట్టింది. నెల్లూరు నుంచి చెన్నైకి రైలు దారి సుమారు 175 కిలోమీటర్లు. సెంట్రల్‌లో దిగి, రోడ్డు దాటి పార్క్ స్టేషనులో ఎలక్ట్రిక్ రైలు ఎక్కితే, ‘తాంబరం శానటోరియం’ పేరుతోనే ఒక స్టేషను ఉంది. కావలి, గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట ప్రాంతాల నుంచి రోగులు ఈ దారిన పోయేవారు. చికిత్స ఉచితం కావడం ఒక కారణం. అక్కడ తమను గుర్తుపట్టేవారు ఎవరూ ఉండరన్నది అంతకంటె బలమైన కారణం. చివరకు ఆ ఊరి పేరే జబ్బు పేరుగా మారింది. ‘వాడు తాంబరం పోయి వచ్చాడంట’ అని గుసగుసగా అంటే చాలు, ఆ ఇంట మంచినీళ్లు తాగడం మానేసినవారిని నేను ఎరుగుదును. ఆసుపత్రులు కూడా ఇందుకు అతీతం కావు. కేసుషీటు అట్ట మీద ఎర్రసిరాతో పెద్ద అక్షరాలు రాసి, రోగిని వరండా చివరి మంచానికి పంపిన ఆసుపత్రులు ఉన్నాయి.

తలనొప్పి మొదలైన మనిషి ముందుగా ఊరిలో ఎవరికీ చెప్పడు. స్థానిక ఆసుపత్రికి పోతే రక్తపరీక్ష చేస్తారని, చేస్తే బయటపడుతుందని భయం. తాంబరం పోవాలంటే తోడు కావాలి, కూలి పోతుంది, చేబదులు తేవాలి. ఈ ఆలోచనలలో పది రోజులు గడుస్తాయి. మెదడు పొరల క్షయలో మొదటి దశకూ మూడవ దశకూ మధ్య ఉండే వ్యవధి కూడా చాలాసార్లు ఇంతే.

2004 ఏప్రిల్ 1న కేంద్ర ప్రభుత్వం హెచ్.ఐ.వి. మందులను ఉచితంగా ఇవ్వడం ప్రారంభించింది. మొదటి ఆరు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రెండూ ఉన్నాయి. కొంతకాలానికి జిల్లాలలోనే ఏ.ఆర్.టి. కేంద్రాలు వెలిశాయి, దూరప్రయాణం తప్పింది. అయితే మెదడు పొరల క్షయ ఉన్న రోగికి ఈ మందులను వెంటనే మొదలుపెట్టకూడదన్న సంగతి 2011లో వియత్నాం పరిశోధన వల్ల తెలిసింది. అణగారిన రోగనిరోధక శక్తి ఒక్కసారిగా లేచి, మెదడులో ఉన్న సూక్ష్మజీవులపై విరుచుకుపడితే వాపు పెరిగి రోగికే ముప్పు. ముందుగా క్షయ మందులు, కొన్ని వారాల తరువాత హెచ్.ఐ.వి. మందులు అన్నది నేటి పద్ధతి. మందులు మానేశామనో, ఆలస్యం చేస్తున్నారనో రోగి బంధువులు వైద్యులపై కోపగించుకోవడం తరచూ చూస్తాము. దాని వెనుక కారణమిది.

ఆ వియత్నాంలోనే 2004లో మరొక ముఖ్యమైన ఫలితం వచ్చింది. 545 మంది రోగులలో క్షయ మందులతో పాటు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చినవారిలో నూటికి 32 మంది, ఇవ్వనివారిలో 41 మంది మరణించారు. రోగనిరోధక శక్తిని అణచే మందే ఇక్కడ ప్రాణం నిలిపింది, ఎందుకంటే మెదడును దెబ్బతీసేది సూక్ష్మజీవి ఒక్కటే కాదు, దానిపై శరీరం చేసే పోరాటం కూడా. కానీ హెచ్.ఐ.వి. రోగులకు ఇది వర్తిస్తుందా? ఆ ప్రశ్నకు సమాధానం రావడానికి మరో పందొమ్మిది సంవత్సరాలు పట్టింది. వియత్నాం, ఇండొనేషియాలలో 520 మందిపై జరిగిన పరీక్ష 2023లో వెలువడింది. స్టెరాయిడ్ తీసుకున్నవారిలో నూటికి 44, తీసుకోనివారిలో 49 మంది సంవత్సరంలోపు మరణించారు. ఆ స్వల్ప తేడా మేలు జరిగిందని చెప్పడానికి చాలదు. సగానికి దగ్గరగా మరణాలన్నది మాత్రం కళ్లెదుట ఉన్న సత్యం. అందరికంటె ఎక్కువగా చనిపోతున్న రోగుల గురించిన ప్రశ్నకు అందరికంటె ఆలస్యంగా జవాబు దొరకడం నన్ను ఆలోచింపజేస్తుంది.

నేడు రోగనిరోధక శక్తి తగ్గినవారంటే హెచ్.ఐ.వి. రోగులు మాత్రమే కారు. మూత్రపిండం మార్పిడి జరిగినవారు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు, అదుపులేని మధుమేహం ఉన్నవారు మన ఊళ్లలోనే ఉన్నారు. కీళ్లవాతానికి ఇచ్చే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే ఖరీదైన సూదిమందు తరువాత క్షయ వచ్చిన 70 మంది గురించి 2001లో ఒక నివేదిక వచ్చింది. వారిలో సగానికి పైగా ఊపిరితిత్తుల వెలుపలే వ్యాధి. మన పల్లెలలో మోకాళ్ల నొప్పులకు, ఆయాసానికి చీటీ లేకుండా నెలల తరబడి మింగే స్టెరాయిడ్ మాత్రలను ఏ నివేదికా లెక్కించదు.

వీరికి క్షయ ఒక్కటే ముప్పు కాదు. లిస్టీరియా అనే బాక్టీరియా ఫ్రిజ్ చల్లదనంలో సైతం పెరుగుతుంది. వృద్ధులలో, గర్భిణులలో, రోగనిరోధక శక్తి తగ్గినవారిలో మెదడు పొరలను పట్టుకుంటుంది. సాధారణంగా మెనింజైటిస్‌కు వెంటనే ఇచ్చే సెఫలోస్పోరిన్ మందులు దానిపై పనిచేయవు, ఆంపిసిలిన్ కావాలి. మడి బురదలో నివసించే మెలియోయిడోసిస్ సూక్ష్మజీవి మన వరి రైతులకు మరింత దగ్గరిది. దీనిని రంగూన్‌లో ఆల్‌ఫ్రెడ్ విట్‌మోర్, సి.ఎస్. కృష్ణస్వామి 1912లో వర్ణించారు. వారు చూసిన రోగులలో చాలామంది మార్ఫియా సూదులకు బానిసలై చిక్కిశల్యమైనవారు. ఇప్పుడు దాని బారిన పడుతున్నవారిలో ఎక్కువమంది మధుమేహులు. వానాకాలంలో వచ్చి, ఊపిరితిత్తులలో ఉంటే క్షయగా భ్రమింపజేస్తుంది. అరుదుగా మెదడులో చీముగడ్డ కడుతుంది. క్షయ మందులు దానికి పనికిరావు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు 1990ల నుంచి ఇటువంటి రోగులను గుర్తిస్తూ వచ్చారు.

వీటిని ఒకదాని నుంచి మరొకటి వేరుచేయగలిగేది వెన్నునీటి పరీక్షే. జీన్‌ఎక్స్‌పర్ట్ యంత్రాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఆమోదించింది. వెన్నునీటికి సైతం దానిని వాడవచ్చునని 2013లో సూచించింది. రెండు గంటలలో ఫలితం వస్తుంది. క్షయ లేదని అది చెప్పినంత మాత్రాన లేదనుకోరాదు, ఎందుకంటే ఆ నీటిలో సూక్ష్మజీవులు చాలా తక్కువగా ఉంటాయి. అందుకే అనుమానం బలంగా ఉంటే ఫలితం కోసం వేచి ఉండకుండా చికిత్స ప్రారంభిస్తారు. అందుకే నాలుగు చుక్కలు కాక, పెద్దవారిలో కనీసం 6 మిల్లీలీటర్లు తీయాలని నిపుణులు కోరతారు.

సరిగ్గా ఇక్కడే బంధువులు అడ్డుపడతారు. ‘వెన్నులో నీరు తీస్తే కాళ్లు పడిపోతాయి’ అన్న భయం మన ప్రాంతంలో బలంగా నాటుకుపోయింది. స్పృహ తప్పిన రోగికి చివరి క్షణంలో ఈ పరీక్ష చేసి, తరువాత అతడు వ్యాధివల్లనే పక్షవాతానికి గురైతే, నింద సూదికి వస్తుంది. వాస్తవానికి వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగుస్తుంది. సూది దించేది దానికి దిగువన, నీటిలో నరాల పోగులు మాత్రమే తేలే చోట. మెదడులో ఒత్తిడి ప్రమాదకరంగా ఉందన్న అనుమానం ఉంటే ముందుగా స్కానింగ్ చేసి చూస్తారు. పరీక్ష తరువాత ఒకటి రెండు రోజులు తలనొప్పి ఉండవచ్చు. పెద్దవారి శరీరం రోజుకు సుమారు అర లీటరు మెదడు నీటిని తయారు చేసుకుంటుంది. పరీక్షకు తీసిన ఆరు మిల్లీలీటర్లు అరగంట లోపే తిరిగి ఊరుతాయి.